పెరుగు చెదరని దారి

"తాగు బావా. నీ బండి చిలికిన సల్ల. నువ్వే తాగాలె."

గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల ముందు, సన్నటి వానలో, పూలమ్మ నా ముఖం ముందు గిలాస పట్టుకొని నిలబడింది. అది డెబ్బై రెండో సంవత్సరం శ్రావణమాసం. నాకు ఇరవై మూడేళ్ళు. మంథని దారిలోని మా పల్లెల నుంచి ఖనికి మనుషుల్ని చేరవేసే జీపు నాది. వేలంలో కొన్న పాతది.

పూలమ్మ, వాళ్ళమ్మ ఐలవ్వ మా పక్క ఊరివాళ్ళు. తోడుపెట్టిన పెరుగు కుండల్ని వారం రోజులుగా నా జీపులో తెచ్చి క్వార్టర్లలో అమ్ముతున్నారు. వరసైన మనిషినని పూలమ్మ నన్ను బావా అంటుంది గానీ, ఆ పిలుపులో బెల్లం కంటే మిరపకాయే ఎక్కువ.

"దారి మంచిగ లేదు. నేనేం జెయ్యాలె?" అన్నాను.

"దారి అందరికి ఒక్కటే. మా కాక ఎడ్లబండి మీద తెచ్చిననాడు గడ్డపెరుగే ఉండె."

ఖని ఆడవాళ్ళది ఒక పద్ధతి. కుండ మూత తీసి గరిటెతో ఒక ముక్క కోస్తారు. కోసిన గుంటలో నీరు ఊరకపోతే కొంటారు. ఊరితే మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతారు. బాయి నుంచి పైకొచ్చిన మనిషికి గొంతులో బొగ్గుపొడి దిగాలంటే గడ్డపెరుగే పడాలని వాళ్ళ నమ్మకం. ఆ పొద్దు మూడు గడపల్లో మూడు గరిటెలు పడ్డాయి. మూడు గుంటల్లోనూ నీళ్ళే.

గిలాస అందుకొని తాగాను. పుల్లగా, చల్లగా బాగుంది. ఆ మాట అంటే గిలాస నా నెత్తిన పడేది.

"ఇంకో గిలాస పొయ్యాల్నా?" అంది. వాన చినుకు ఒకటి ఆమె ముక్కుపుడక మీద ఆగి ఉంది. రెండోది కూడా తాగాను.

అప్పటికే నా పని అయిపోయింది. జీపు అద్దంలో వెనక సీటు మీద ఆమె కనబడితేనే నాకు తెల్లవారినట్టు.

ఆ సాయంత్రమే జీపును ఎల్లేశమన్న షెడ్డుకు తోలాను. ఖనిలో పేరున్న మేస్త్రీ. చెయ్యి తిరిగింది బొగ్గు లారీల మీద. జీపు కిందికి దూరి, ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కమాను కట్టను సుత్తితో కొట్టి చూశాడు.

"నడుము సచ్చిందిరా దీనికి. రెండు పట్టీలు ఎక్కియ్యాలె. ఉక్కు ఎక్కువుంటె కుదుపు తక్కువ."

నేనూ సరేనన్నాను. లారీ కట్టలోంచి తీసిన రెండు పట్టీలు ఎక్కించాడు. తెల్లారి మా జీపు కొత్త కోడెలాగా ఎత్తుగా నిలబడింది. చూసి నేనే మురిసిపోయాను.

వాగు మీది మొదటి మోరీ గతుకు దగ్గరే నా మురిపెం తీరిపోయింది. మంగలంలో జొన్నపేలాల్లాగా అందరం ఎగిరాం. కుండ ఒకటి పగిలి, పెరుగంతా ఐలవ్వ ఒళ్ళో పడింది.

ఆమె తిట్టినా బాగుండేది. చీర కొంగు పిండుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"మొగిలీ, నీ మీద కోపం లేదు బిడ్డా. రేపటి సంది మేము మంథని బోతం. ఆడ మా తమ్ముడున్నడు. పొల్లను గూడ వాని కొడుక్కు ఇయ్యిమని ఎప్పటిసందో అడుగుతున్నడు."

మంథని అంటే నా జీపు పోయే దిక్కుకు సరిగ్గా వీపు దిక్కు.

"నాలుగొద్దులియ్యి అత్తా. బండి సక్కజేస్త."

"నాలుగొద్దులు బర్లు పాలియ్యకుంట ఊకుంటయా?"

"అందాక నెయ్యి కాసిపెడుదామవ్వా," అంది పూలమ్మ, నా వైపు చూడకుండానే. "సోమారం దాక సూద్దాం. అప్పటికీ గిట్లనే ఉంటె నీ ఇష్టం."

దిగేటప్పుడు కుండ కింది గడ్డి కుదురు తీసి నా చేతిలో పెట్టింది.

"మీ ఎల్లేశమన్నకు బొగ్గే ఎరుక. ఇది పట్టి సూడు. బిర్రుగ చుడితె కుండ ఎగుర్తది. ఊకనే వదులుగ చుడితె ఒరుగుతది. కుండ కూసుంటె ఇంత నలగాలె, మళ్ల లేవాలె. గంతే."

పట్టి చూశాను. వేళ్ళ కింద నలిగింది, లేచింది. ఇంజను విప్పగలిగినవాణ్ణి, ఇది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

షెడ్డులో కమాను కట్ట విప్పాను. మేం ఎక్కించిన రెండూ కాక, మునుపటి యజమాని కలప మొయ్యడానికి ఎక్కించినవి ఇంకో మూడున్నాయి. మిగతావి బురదా తుప్పూ పట్టి ఒక్క దిమ్మలా అతుక్కుపోయాయి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ జారితేనే కదా కట్ట వంగేది. ఆ అయిదూ తీసి పక్కన పడేశాను. మిగతావాటిని ఇటుకముక్కతో తోమి, మధ్య మధ్య గ్రీసు రాశాను. కట్ట చివర్ల రబ్బరు బుష్షులు పిండిపిండిగా రాలాయి. కుదుపును పట్టి ఆపే షాకబ్జర్లు ఎప్పుడో నూనె కక్కి చచ్చిపోయాయి. కరీంనగర్ పోయి రెండూ కొత్తవి తెచ్చాను.

ఎల్లేశమన్న బీడీ ముట్టించి చూస్తూ నిలబడ్డాడు.

"గిన్ని పట్టీలు పీకినవ్. పదిహేను మందిని మోస్తదా?"

"మొయ్యది."

"మరి?"

"ఏడుగురినే ఎక్కించుకుంట. షిఫ్టుకు పోయేటోళ్ళకు ముందుగాల ఒక ట్రిప్పు ఏస్త."

బీడీ నోట్లోంచి తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవలురా ఆ పిల్ల?"

సోమవారం పొద్దున వెనక మెట్టు మీద వేలాడటానికి వచ్చిన బాయి మనిషి సదన్నను ఆపాను.

"ఏందిరా, మొన్నటిదాక నేను గీ మెట్టు మీదనే పోయిన గద?"

"ముందు ట్రిప్పుల సీటు మీద కూసొని పోదువు రేపటి సంది. ఇయ్యాల బస్సుకు రా అన్నా."

గొణుక్కుంటూ దిగాడు. ఐలవ్వ ఎక్కి, కుండలు సర్దుకొని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

మోరీ వచ్చింది. జీపు వంగింది, లేచింది. చెరువులో బాతు దిగినట్టుంది. ఎవరి మాటా తెగలేదు. కొంచెం దూరం పోయాక అద్దంలో చూస్తే ఐలవ్వ ఒక చెయ్యి తీసింది. ఇంకొంత దూరానికి రెండో చెయ్యీ తీసి, సంచి విప్పి వక్క నోట్లో వేసుకుంది. పూలమ్మ తల తల్లి భుజం మీద వాలి ఉంది. కళ్ళు మూసుకుంది. కోడికూతకు లేచి పాలు పిండే పిల్ల, ఇన్నాళ్ళూ నా జీపులో కునుకు తియ్యగలిగింది లేదు.

బజారులో మిగతావాళ్ళు దిగారు. జీపు ఆగింది కూడా ఆమెకు తెలియనట్టే ఉంది. తర్వాత క్వార్టర్లు వచ్చాయి. బ్రేకు మీదికి పోవాల్సిన నా కాలు పోలేదు. క్వార్టర్లు దాటాం. చౌరస్తా దాటాం. రామగుండం కరెంటు కార్ఖానా పొగగొట్టం కనబడింది.

"మొగిలీ," అంది ఐలవ్వ.

"ఆ, అత్తా."

"క్వార్టర్లు ఎన్కబడ్డయ్."

"ఎరికే."

"మరి?"

"ఈసారి ఆపితె లేస్తదేమోనని."

ఆమె కుండ మూత తీసి, గరిటెతో ఒక ముక్క కోసి, గుంటలోకి వంగి చూసింది. తర్వాత అద్దంలో నా ముఖం కూడా అలాగే చూసింది.

"పెరుగు మంచిగనే ఉన్నది. ఇగ బండి మల్పు. ఆడోళ్ళు గరిటెలు పట్టుకొని నిలవడి ఉంటరు."

మలిపాను. క్వార్టర్లు కనబడ్డాక ఐలవ్వ అంది.

"బేస్తారం మీ అవ్వను మా ఇంటికి పంపు. మంథనికి నేను కబురు జేస్త, పొల్లకు ఖని అలవాటైందని."

మా పెండ్లి దసరా దాటాక అయింది. ఆ జీపు ఇంకో ఎనిమిదేళ్ళు నడిచి, ఎనభైలో పాత ఇనుము కింద పోయింది. ఆ రోజు పూలమ్మ అన్నం తినలేదు, నేనూ తినలేదు. ఆ దారి ఇప్పుడు నున్నటి తారు రోడ్డు. మోరీ ఎక్కడుందో బస్సులో కూర్చుంటే తెలియదు.

మొన్న అదే రోడ్డు మీద బస్సులో పోతుంటే, ఇన్నేళ్ళకు పూలమ్మకు చెప్పాను.

"ఆ పొద్దు నువ్వు నిద్రపోతుంటె లేపబుద్ధి గాలే."

పూలమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే నవ్వింది.

"నిద్ర ఎవలు పోయిండ్రు? ఎంత దూరం తీస్కపోతవో సూద్దామని కండ్లు మూసుకున్న. నువ్వేమో కరెంటు కార్ఖానా కాడనే మలిపితివి."