పది వారాల చలి

శుక్రవారం పొద్దున్న దోశల పిండి కోసం ఫ్రిజ్ తెరిచిన శకుంతల గతుక్కుమంది. కింది అరలో న్యూస్‌పేపరులో చుట్టి దాచిన డేలిలీ పూలమొక్కల దుంపలు లేవు. పక్కనుండే ఆపిల్ పళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

ఆ దుంపలు కెనడా నుంచి కూతురు ప్రతిమ పంపినవి. ఆరు నెలలు మంచులో మునిగే ఊళ్ళో, తన పెరట్లో విరగబూసిన మొక్కల పిలకలవి. ముందు పెళ్ళి చేసుకుని తరవాత కబురు చెప్పిందని, తొంభై నాలుగు నుంచీ, అంటే రెండేళ్ళుగా, ఆ పిల్లతో మాట మానేశాడు తండ్రి వేణుగోపాలరావు. తల్లి మాత్రం ఆ మొక్కలనే మనవల్లా సాకింది. దోహాలో తాముండే అల్ సద్‌లోని ఇంటి ముందు ఏడాది పెంచితే ఆకులే తప్ప ఒక్క మొగ్గ లేదు. చలికి నిద్రపోయి లేస్తేగాని పూయవట. ఆ ఎడారి ఊళ్ళో అంత చలి ఎక్కణ్ణించి తెస్తుంది? అందుకే డిసెంబరులో తవ్వి ఫ్రిజ్‌లో పడుకోబెట్టింది.

"ఏమండీ, నా దుంపలేవి?"

"ఇంట్లో లేవు," అన్నాడాయన పేపరు దించకుండా.

రెండేళ్ళుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది శకుంతలకు. "కూతుర్ని వదిలేశారు, నోరు మూసుకున్నాను. అది పంపిన మొక్కల్నీ పారేశారా? మీకు మనసనేది ఉందా?" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పారెయ్యలేదే. నిన్న సాయంత్రం మేం బిగించిన వెస్ట్ బే హోటల్ కోల్డ్ రూములో పెట్టొచ్చాను. నువ్వు రోజుకి నలభైసార్లు తలుపు తీస్తుంటే చలేం నిలుస్తుంది? పైగా ఆపిల్స్ పక్కన పెడతారా ఎవరైనా? ఆ పళ్ళ గాలికి మొగ్గ లోపలే మాడిపోతుంది. డ్యూటీలో ఉండే ముజఫ్ఫర్ అలీ రోజూ చూస్తానన్నాడు, నాలుగు డిగ్రీలు దాటనివ్వడు."

కంపెనీలో కోల్డ్ రూములు బిగించే ఇంజనీరాయన. చలిని అమ్ముకుని బతికే మనిషిని ఇంట్లో పెట్టుకుని తను ఆయన్నే అడగలేదే అనుకుంది శకుంతల.

"ఇంకెన్నాళ్ళుంచాలి?"

"నువ్వనుకున్న ఆరు వారాలు చాలవు. పది కావాలి."

"ఆరని మీకెవరు చెప్పారు? ఆ మాట ప్రతిమతో తప్ప ఎవరితోనూ అనలేదు నేను."

ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"ఆఫీసు నుంచి ఫోన్ చేశానులే. దుంపల సంగతి కనుక్కుందామని."

"దుంపల సంగతేనా?"

"మొదట అదే. 'నాన్నా' అని ఏడ్చింది. నేను మాత్రం రాతి మనిషినా? ఇప్పటికి మూడుసార్లు మాట్లాడాను. ఏప్రిల్‌లో పూలు చూడ్డానికి రమ్మన్నాను, అల్లుణ్ణి కూడా."

"మరి నాతో ఒక్కమాట అనరేం?"

"రెండేళ్ళు బిగదీసుక్కూర్చున్నవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

శకుంతలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేచి కెనడా నంబరు తిప్పింది. అవతల "హలో" వినపడగానే రిసీవరు భర్త చేతిలో పెట్టింది.

"దొంగచాటుగా చాలా మాట్లాడారు. యల్లా, కానివ్వండి, ఇక నా ఎదురుగా మాట్లాడండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి భార్య వైపు చూశాడు.

"ఏమ్మా, చిట్టితల్లీ," అన్నాడు.

రెండేళ్ళ తరవాత ఆ ఇంట్లో ఆ పిలుపు వినపడింది.