ఎత్తని ఫోను, రాలని పూత

హత్య పొద్దున ఏడు గంటలకు జరిగింది.

చనిపోయింది డాబా మీది టమాట మొక్క. చంపింది మేకపిల్ల. కళ్లారా చూసిన సాక్షి ఇంటి ఓనరు కూతురు ఉష. ముద్దాయిని చంకలో ఇరికించుకుని మెట్లు దిగి, కింది వాటా తలుపు దబదబా బాదింది.

తలుపు తీసిన శివకృష్ణ నోట్లో టూత్‌బ్రష్ ఉంది. మహబూబ్‌నగర్‌లో బైక్ షోరూం ఉద్యోగం దొరికి, వాళ్ల అవ్వ బీరమ్మతో కలిసి అతను ఆ వాటాలో కొత్తగా కిరాయికి దిగాడు. ఇంకా సామాన్లు కూడా సర్దుకోలేదు.

"గీ మేకపిల్ల మీదేనా?"

"మాదే. ఏం జేసింది?"

"మొగ్గ మీదున్న టమాట చెట్టును మొదలుదాంక మేసింది!"

"సారీ మేడం. కొత్త మొక్క తెచ్చిస్త."

"మొక్క సంగతి తర్వాత. టమాట ఆకు మేకలకు పడదు. కడుపు ఉబ్బుతదేమో చూడు జర. నాకు ఫికరైతాంది!"

తన మొక్కను చంపిన దాని కడుపు గురించి ఈ పిల్లకు దిగులు! శివకృష్ణ నోట్లోంచి టూత్‌బ్రష్ జారి కింద పడింది. మనసు కూడా ఇంచుమించు అప్పుడే పడిపోయింది.

నష్టపరిహారంగా అతను డాబా మీద మిగిలిన మొక్కల చుట్టూ, పైనా పచ్చ వల కట్టాడు. బీరమ్మ ఊళ్లోని తమ మంద నుంచి బస్తాడు గొర్రె ఎరువు తెప్పించింది. పెయింటు డబ్బాల్లో మొక్కలు నవనవలాడుతూ లేచాయి.

మేక మళ్లీ తప్పించుకుంటే చెప్పడానికని నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. మేక తప్పించుకోలేదు. శివకృష్ణే రోజూ షోరూంలో టీ టైముకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"మొక్కలెట్లున్నయ్?"

"మంచిగున్నయ్. నిన్ను అడిగినయ్."

ఎదురుపడితే అతనికి నోరు పెగలదు. ఫోనులో మాత్రం హీరో. మాటలు మొక్కల దగ్గర మొదలై, కూరల మీదుగా సాగి, ఎక్కడెక్కడికో పోయేవి.

ఇంతలో బీరమ్మ బాంబు పేల్చింది.

"ఆదివారం మక్తల్ పోతున్నం. నీకు పిల్లను చూసి, నచ్చితే మాట ఇచ్చొస్త. నీ మనసుల ఎవలన్న ఉంటే గా లోపల్నే జెప్పు. తర్వాత ఏడిస్తే నేను వినను."

"చెప్తనవ్వా."

చెప్పాలంటే ముందు ఉషను అడగాలి. మర్నాడు గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేశాడు. మోగింది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఆ తర్వాతి రోజూ అంతే.

సాయంత్రం ఉష మెట్ల మీద ఎదురైంది. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు?"

"ఎత్తను."

"ఎందుకు?"

"చెప్పను. రేపు గూడ చెయ్యి. మర్చిపోయినవో, ఊకోను!"

కిలకిలా నవ్వి పైకి పరుగెత్తింది. ఆమె చున్నీ మలుపు తిరిగి మాయమయ్యాక కూడా అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

షోరూంలో స్నేహితుడు రాజేశ్ కేసంతా విని తీర్పు చెప్పాడు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తరు, మళ్లీ చెయ్యమంటరు. ఇది ప్రేమ కాదు బావా, కస్టమర్ కేర్."

ఆదివారం రానే వచ్చింది. వాకిట్లో ఆటో ఆగింది. కొత్త చీర కట్టుకుని బీరమ్మ ఎక్కి కూర్చుంది. శివకృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉరికంబం ఎక్కేవాడి ముఖం పెట్టాడు.

"పర్సు మర్చిపోయిన అవ్వా, ఇప్పుడే వస్త."

పర్సు జేబులోనే ఉంది. మెట్ల కింద నిలబడి చివరిసారిగా ఉష నంబరు నొక్కాడు.

పైనుంచి బుర్రుమని శబ్దం. ఫోన్ అక్కడే ఉంది. ఆమె కూడా అక్కడే ఉందన్నమాట. ఉండి కూడా ఎత్తడం లేదు! ప్రేమ ఇవ్వలేని ధైర్యం కోపం ఇచ్చింది. రెండేసి మెట్లు ఎగిరి దాటుతూ డాబా మీదికి దూసుకుపోయాడు.

"కట్ చెయ్యకు!" తల తిప్పకుండానే అరిచింది ఉష.

ఆమె టమాట మొక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పూల గుత్తిని ఆనుకుని ఉన్న కర్రకు ఆమె ఫోను, వాళ్ల నాయిన మగ్గం మీది దారంతో కట్టి ఉంది. ఫోను వణికినప్పుడల్లా పసుపుపచ్చ పూలు గజగజలాడుతున్నాయి. సన్నటి పుప్పొడి ఎండలో మెరుస్తూ రాలుతోంది.

రింగు ఆగిపోయింది. అప్పుడు తిరిగి చూసింది. ముక్కు మీద పుప్పొడి.

"ఏందిది ఉషా?"

"నువ్వు కట్టిన వల పుణ్యం. మేకలు రాలే, కోతులు రాలే. తేనెటీగలు గూడ రాలే! పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఒకనాడు ఫోన్‌ను గీ కర్రకు ఆనిచ్చి పనిల పడ్డ. నీ కాల్ వచ్చింది. ఫోన్ వణికింది, పూలు వణికినయ్. గా గుత్తే పిందెలు పట్టింది."

"అంటే నేను..."

"నువ్వే నా తేనెటీగవు. ఫోన్ ఎత్తితే వణుకుడు ఆగిపోతది కదా!"

ఆకులు పక్కకు తప్పించి చూపించింది. శనగ గింజలంత పచ్చటి పిందెలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఇవన్నీ నీ మిస్డ్ కాల్సే. పండినంక చూపిద్దామనుకున్న."

శివకృష్ణ బుర్ర గోక్కున్నాడు. "చేత్తో ఊపితే పని కాదా?"

"అయితది."

"మరి నా ఫోన్ ఎందుకు?"

ఉష దారం ముడి విప్పుతూ తల వంచుకుంది. "చేత్తో ఊపితే గవి నా ఒక్కదాని టమాటలు. గివి మనిద్దరివి."

ఈ మాటకు ప్రపంచంలో ఎవరైనా మంచి జవాబే చెప్పగలరు. శివకృష్ణ తప్ప.

"నేను మక్తల్‌కు పిల్లను చూడనీకి పోతున్న."

ఆమె ముఖం పాలిపోయింది. "పో మరి. ఆటో ఆగింది."

"పోవద్దని చెప్పరాదూ!"

"నేనెందుకు చెప్పాలె? ఎందుకు పోవో నువ్వే చెప్పు."

"ఎందుకంటే... నిన్ను చేసుకుంట కాబట్టి!"

"గీ ముక్క నిన్ననే చెప్తే నేను కొత్త చీర కట్టుకోకపోదును గదరా!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ బీరమ్మ.

"మక్తల్ వాళ్లకు వస్తలేమని నేను చెప్త," అంది. "పిల్లా, నీకు ఇష్టమేనా?"

ఉష అవునన్నట్టు తలూపింది. వెంటనే గొంతు తగ్గించింది. "కానీ అవ్వా, మా నాయిన... మేం మగ్గమోళ్లం, మీరు గొర్లోళ్లు. ఒప్పుకుంటడో, లేదో."

"అడగందే ఎట్ల తెలుస్తది?"

బీరమ్మ దిగిపోయింది. వీళ్లిద్దరూ పై మెట్టు మీద నక్కి చెవులు రిక్కించారు. ఓనరు వాటా ముందుగదిలో ఉష నాయిన వెంకటనర్సు మగ్గం టకటకలాడుతోంది.

"వెంకటనర్సూ, మా ఇంట్ల గొంగళ్లు, మీ ఇంట్ల చీరెలు. మనం కలిస్తే చలికాలం, ఎండకాలం రెండూ ఎల్లిపోతయి. మా పిలగానికి నీ బిడ్డనియ్యి. ఏమంటవు?"

మగ్గం ఆగిపోయింది.

ఉష గోళ్లు శివకృష్ణ చేతిలో దిగాయి. అతనికి నొప్పి తెలియలేదు. బయట ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

చివరికి వెంకటనర్సు గొంతు ఖంగున మోగింది.

"ఉషా! అవ్వకు టీ పెట్టు బిడ్డా. పైన దాక్కున్న పిలగాన్ని గూడ తోలుకరా. కానీ ముందుగాల గా ఆటోను పంపియ్యమను!"