వెల్ష్ మెడోలో జొన్నరొట్టె

ఓర్వకల్లు బస్టాండు దగ్గర టీ తాగుతున్న లాజరుకు రెండో గుక్క మింగే భాగ్యం దక్కలేదు. హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు బైకు ఆపకుండానే సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చాడు. ఒక తూటా గొంతులో దిగింది, ఇంకొకటి కంట్లో. టీ కొట్టువాడు తలెత్తేసరికి బైకు హైవే ఎక్కేసింది.

కర్నూలులో ఒక పాత గోడౌన్ మేడ మీద చీఫ్ దావీదురాజు లాజరు శవం ఫోటోను బల్ల మీద పడేశాడు. ఏజెంట్ యేసుప్రసాద్ చూడలేక తల తిప్పుకున్నాడు. తుపాకీ పట్టడం నేర్పింది లాజరే, చర్చిలో తన పెళ్లినాడు పక్కన నిలబడిందీ లాజరే. ఏడుపు తన్నుకొచ్చింది. చీఫ్ ముందు ఏడిస్తే మెమో ఇస్తాడు గనక మింగేశాడు.

"మహాదేవి, సైంటిస్ట్," అన్నాడు చీఫ్. "శత్రు డ్రోన్లను గాల్లోనే కూల్చే జామర్ ఆమెది. రేపు టెస్ట్. ఆమె లేకపోతే జామర్ లేదు. ఒక విదేశీ ముఠా ఈలోపే ఆమెను లేపేయాలని చూస్తోంది."

"దాచిపెట్టండి సార్."

"దాక్కోనంది. ముఠా మకాం వెల్ష్ మెడో అనే రిసార్టని లాజరు కనిపెట్టాడు. చంపేదెవరో తేలకముందే పోయాడు. అక్కడికి మహాదేవి తనే ఎరగా పోతానంది. అక్కడ నువ్వు ఆమె తమ్ముడివి, పేరు ఉమామహేశ్. అక్కడి మేనేజర్ శివాని మన మనిషే."

ఆదివారం తప్పకుండా చర్చికి పోయే యేసుప్రసాద్ నుదుట విభూతి పెట్టుకుని బయల్దేరాడు.

ఎక్కడో వేల్స్ పల్లెల్లో పచ్చిక మీద సోకైన గుడారం వేసుకుని, మెత్తటి పరుపు మీద దొర్లి, ఎవరి వంట వాళ్లు చేసుకుంటే దాన్ని గ్లాంపింగ్ అంటారట. ఓవెన్ అనే దొర ఆ సుఖాన్ని వెల్ష్ మెడో పేరుతో ఓర్వకల్లు రాళ్లగుట్టల మధ్యకు మోసుకొచ్చాడు. వేల్స్‌లో పచ్చిక వానకు మొలుస్తుంది. ఇక్కడ మొలవదు కాబట్టి ప్లాస్టిక్‌ది పరిచాడు. దాని మీద చెప్పుల్లేకుండా నడిచినవాడికి అరికాళ్లు బొబ్బలే.

అక్కాతమ్ముళ్లకు శివాని ఎదురొచ్చింది. ఎర్రచీర, నల్లకళ్లద్దాలు, చూస్తే చూపు తిప్పుకోలేని మనిషి.

"దారిలో వాన పడిందా?" అంది.

"పడింది, గొడుగు మరిచిపోయినా," అన్నాడు. కోడ్ కలిసింది. అతని గుండె కుదుటపడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు.

పొద్దు వాలేవేళకు మహాదేవి వంటకు కూర్చుంది. గుడారంలో మెరిసిపోయే గ్యాస్ స్టవ్ ఉంది. ఆమె దాని వంక కూడా చూడలేదు. బయట మూడు రాళ్లు పెట్టి, కంప కట్టెలు రాజేసి, జొన్నపిండి తడపడానికి ఎసరు పెట్టింది. పక్కన నిప్పుల మీద ఇనప పెనం కాలుతోంది. ఆదోని దిక్కు రైతుబిడ్డ. ఎన్ని డిగ్రీలు చదివినా మంట మీద కాలని రొట్టె ఆమె లెక్కలో రొట్టే కాదు.

శివాని వచ్చి, లోపల స్టవ్ ఉందిగా మేడమ్ అని నవ్వింది. కాసేపటికి మళ్లీ వచ్చి, పొగకు టెంటు నల్లబడుతుందని గునిసింది. మూడోసారి వచ్చేటప్పటికి నవ్వు మాయమైంది. ఓనరు ఊరుకోడు, స్టవ్ వాడాల్సిందే అంది.

"గ్యాస్ మీద రొట్టె పొంగదమ్మా," అంది మహాదేవి. "మాకు ఈడే బాగుండాది."

అతిథి రొట్టె ఎక్కడ కాల్చుకుంటే ఈ మనిషికెందుకింత బాధ? యేసుప్రసాద్‌కు అనుమానమొచ్చింది.

"ఆ స్టవ్ నాకు చేతగాదు శివానీ," అన్నాడు మెల్లగా. "నువ్వే వచ్చి ముట్టించి పో."

శివాని వెనక్కి జరిగింది. ఒక్క అడుగు కూడా గుడారం వైపు వేయలేదు.

"స్టవ్ ముట్టిస్తే పేలేట్టు బాంబు పెట్టినారు కదూ," అన్నాడు. "లాజరన్న నిన్ను నమ్మి చెప్పినాడు. ఆయన యాడుంటాడో ముఠాకు నువ్వే చెప్పినావు."

"నమ్మడం అతని తప్పు," అంది శివాని.

గుడారం వెనక నుంచి ఓవెన్ పిస్టల్‌తో వచ్చాడు. మొదటి తూటా యేసుప్రసాద్ భుజాన్ని చీల్చింది. రెండోది పేలేలోపే అతను మసిగుడ్డతో పెనం అందుకుని దొర మొహాన అదిమాడు. చర్మం చుయ్యిమంది. దొర గుడ్డిగా కత్తి దూసి యేసుప్రసాద్ పక్కటెముకల్లో దించాడు. అతను కత్తిని అక్కడే ఉండనిచ్చి, పెనం అంచుతో దొర తలమీద బాదాడు, వాడు కదలడం మానేసేదాకా బాదాడు. ఒక్కో దెబ్బకూ లాజరన్నా అని గొణిగాడు.

తలెత్తి చూస్తే శివాని మహాదేవిని జుట్టుపట్టి గుడారంలోకి ఈడుస్తోంది. రెండో చేతిలో లిప్‌స్టిక్, స్టవ్ ముట్టించకపోయినా బాంబు పేల్చే రిమోట్ అదే. లోపలికి తోసేసి దూరంగా పరుగెత్తి నొక్కాలని ఆమె ఎత్తు. మహాదేవి ఆ పెనుగులాటలోనే పొయ్యిమీది ఎసరుగిన్నె అందుకుంది. సలసల కాగే నీళ్లు భుజం మీదుగా వెనక్కి చిమ్మింది.

శివాని కేక గుట్టల్లో మారుమోగింది. కళ్లు కనపడకపోయినా బొటనవేలు మీటను వెతుక్కుంటోంది. దొర పిస్టల్ అందుకున్న యేసుప్రసాద్ ఆ అరచేతికే గురిపెట్టి కాల్చాడు. రెండు వేళ్లతో సహా రిమోట్ ఎగిరి ప్లాస్టిక్ గడ్డిలో పడింది.

తర్వాత గొట్టాన్ని ఆమె కణతకు ఆనించాడు. చంపాలనే ఉంది, దేవుడు చూస్తున్నాడనీ తెలుసు.

"వద్దప్పా," అంది మహాదేవి. "దాన్ని బతకనీ. మిగతావాళ్ల పేర్లు యెవురు చెప్తారు?"

అతను పిస్టల్ దించి, అక్కడే కూలబడి, మెమో భయం లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. మహాదేవి కొంగు చింపి కత్తి చుట్టూ బిగించి కట్టింది. చీఫ్‌కు ఫోన్ చేసి, అంబులెన్స్ పంపమని, రేపటి టెస్ట్‌కు వస్తున్నానని చెప్పింది. మళ్లీ పిండి ముందుకు జరిగి కూర్చుంది.

"ఆకలి శానా అయితాండాది," అంది. "పెనం యాడ పడిందప్పా?"

పెనం ఓవెన్ తల పక్కనే ఉంది. అంచు కొంచెం సొట్టపోయింది గానీ, కడిగితే రొట్టెకు పనికొస్తుంది.