ముందు నీళ్లు

గాడిద కడుపు కిందికి రెండు ఎండు మొద్దులు తోసి పైడమ్మ నిప్పు పెట్టింది. గాడిదంటే నాలుగు కాళ్లదేం కాదు, ఇటుకల మీద పడుకోబెట్టిన ఇనప పీపా. కింద మంట, లోపల నీళ్లు, పక్క నుంచి రెల్లు తడికల స్నానాలగదికి ఒక గొట్టం. నమీబ్ ఎడారిలో దాన్ని ఎందుకో మొదట్నుంచీ అలాగే పిలుస్తారు. తీరంలో గోడ తాకితే వేడినీళ్లు వచ్చే ఇళ్లు వదిలి, జనం తమ తడివాటాలు, అంటే మనిషికింతని కొలిచి ఇచ్చే నీళ్లు, కూడబెట్టుకుని మరీ ఈ విడిదికి వచ్చేది ఆ పొగ వాసన కోసమే.

మంట రాజుకున్నాక మంచువలల పని. సముద్రం మీంచి వచ్చిన పొగమంచు వలలకి పట్టి, బొట్లు బొట్లుగా తొట్టెలోకి కారుతోంది. ఆమె వల అంచు మెల్లగా తట్టింది.

"దిగుబడి సగటు కంటే తక్కువ," అంది కావలి, తొట్టె పక్కనున్న చిల్లుల పెట్టెలోంచి.

"నువ్వా మాట అనని రోజుందేటి?" అంది పైడమ్మ. ఆమెది ముత్తవ్వల నాటి విజయనగరం తెలుగు. డర్బన్ చెరకు తోటలకి ఓడెక్కి వచ్చినవాళ్లు తరాల పాటు నోట్లోనే దాచిపెట్టుకున్న భాష.

కావలి నీళ్ల లెక్క చూసే యంత్రం, దానికి కోపమూ రాదు, నవ్వూ రాదు. ఎండిన నది పొడుగునా ఉన్న విడుదులన్నిటికీ అదొక్కటే. కుళాయి ముందు ఎవరు నిలబడ్డా ఊపిరిగుర్తు పట్టి, పేరు సరిచూసుకుని, అప్పుడు నీళ్లు వదులుతుంది. పేరు లేని నోటికి చుక్క పడదు.

"పైడమ్మగారూ, మీ గాడిద ఇంకా నిద్ర లేవలేదాండీ?"

గుడారంలోంచి శేషగిరి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. కాకినాడ మనిషి, తీరంలో ఉప్పునీటిని మంచినీళ్లు చేసే చోట ఇంజనీరు. నాలుగు రోజులు మోటుగా బతకాలని ఏటా ముచ్చటపడి వస్తాడు, వచ్చింది మొదలు సణుగుతూనే ఉంటాడు.

"కాగుతోంది బాబూ. ఎడారికొచ్చి ఆ తొందరేటి? ఎళ్లండి, ఒంటికి సబ్బు రాసుకునేసరికి వేడెక్కిపోద్ది."

అతను తడికల వెనక్కి వెళ్లాడు. పైడమ్మ రోజూలాగే రుచిగ్లాసు పట్టుకుంది. నీళ్లు బాగున్నాయో లేదో విడిది చూసే మనిషి తాగి చెప్పాలి కాబట్టి, ఆ ఒక్క గ్లాసూ కావలి ఎవరి వాటాలోనూ వెయ్యదు. దాన్ని నోటి దగ్గర పెట్టుకోబోతూ ఆగిపోయింది.

నది ఇసుకలోంచి ఒక ముసలామె నడిచి వచ్చింది. ముక్కూ నోరూ కప్పుతూ గుడ్డ కట్టుకుని ఉంది. తడిక దాకా వచ్చి ఇక చేతకాక కూలబడింది. గుడ్డ జారినప్పుడు పగిలిన పెదాలు కనిపించాయి. పైడమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. వెళ్లి గ్లాసు చేతికిచ్చేసింది.

ముసలామె చివరి చుక్క దాకా తాగి, ఊపిరి కావలికి అందకుండా చప్పున గుడ్డ పైకి లాక్కుంది.

"రుచిగ్లాసు వేరే ఊపిరి దగ్గర ఉంది. గుర్తు అందలేదు," అంది కావలి. "పేరు?"

పైడమ్మ ఆమె పక్కన చతికిలబడి ఆ నేల వాళ్ల నామా భాషలో అడిగింది. "ఎక్కడి నుంచి, ఓమా?" అవ్వ వయసు వాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు.

"ఇక్కడి నుంచే, అమ్మాయ్." ముసలామె నది గట్టు మీది ముళ్లపొద చూపించింది. "ఆ నారా పొద మా అమ్మది. ఈ నది ఒడ్డు ఖాళీ చేయించిన తరలింపులో మమ్మల్ని తీరానికి తోలేశారు. ఏటా ఆ కాయలు నక్కల పాలు. ఈసారి పండేదాకా ఇక్కడే ఉంటాను, నా చేత్తో కోసుకుంటాను. పేరు చెప్పానంటే సాయంత్రానికల్లా తరలింపు బండి వచ్చి ఎత్తుకుపోతుంది." ఖాళీ గ్లాసు ఎత్తి చూపించింది. "నువ్వు ముందు నీళ్లిచ్చావు. మా నిప్పు దగ్గరా అంతే. ముందు నీళ్లు. తాగినవాళ్లు చెప్పాలనుకుంటే తర్వాత పేరు."

పైడమ్మకి తన చిన్నతనం గుర్తొచ్చింది. వాళ్ల మామ్మ గుమ్మంలో ఎప్పుడూ ఒక చెంబు ఉండేది. వచ్చినవాళ్లు తాగి, మూతి తుడుచుకున్నాకే ఏ ఊరని అడిగేది.

"ఆ గ్లాసు లెక్క రాయడానికి మూడు దారులున్నాయి," అంది కావలి. "ఒలికింది. దొంగతనమైంది. లేదా పేరు. తేలేదాకా కుళాయిలు మూస్తున్నాను."

తడికల వెనక నీళ్ల చప్పుడు ఆగిపోయింది, శేషగిరి కేక మొదలైంది.

ఒలికిందంటే చాలు, కుళాయిలు తెరుచుకుంటాయి. కానీ ముసలామెకి రెండో గ్లాసు ఉండదు. ఎండ ముదిరేసరికి బండి కోసం తనే చెయ్యి ఎత్తాల్సి వస్తుంది. అలాగని ఎదురు తిరిగితే పైడమ్మ పని పోతుంది. ఈ పొగ, ఈ ఇసుక వదిలి తీరంలో బతకడం ఆమె వల్ల కాదు. నిజంగానే భయం వేసింది.

"ఇచ్చాను," అంది.

"ఎవరికి?"

"వచ్చినావిడకి."

"ఆ దారి లేదు."

"లేకపోతే ఎయ్యి."

శేషగిరి తల నిండా నురగతో, నడుముకి తువ్వాలుతో బయటికొచ్చాడు. "ఏంటండీ ఇది, సబ్బు కళ్లల్లోకి..." అంటూనే ముసలామె వాలకం చూసి నోరు మూసుకున్నాడు. పైడమ్మ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అతను గుడారంలోకి పోయి, రాత్రి పట్టి ఉంచుకున్న తన కూజా తెచ్చాడు. ముసలామె గ్లాసు నింపి పెట్టె వైపు తిరిగాడు.

"నేనూ ఇచ్చాను. ఏం చేస్తావో చేసుకో."

పెట్టె మూగబోయింది.

"పాడైపోయిందేటి బాబూ?"

"లేదండీ. దానికి తెలియనిది ఎదురైతే మిగతా విడుదుల వాళ్లని అడుగుతుంది. దాని తీరే అంత."

కాసేపటికి పెట్టెలోంచి బొంగురు గొంతొకటి వచ్చింది. ఎగువ విడిది చూసే ముసలాయనది. "మేం ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాం. ఒలికిందని చెబుతున్నాం, అంతే." వెనకే ఇంకో గొంతు, ఒక ఆడమనిషిది. "నేనూ అంతే." ఆ తర్వాత గొంతుల మీద గొంతులు. ఒకాయన ఏడుస్తున్నాడు, ఒకామె పగలబడి నవ్వుతోంది. పేరు అడిగి నీళ్లివ్వడం తప్పని ఇన్నాళ్లూ తన ఒక్కదానికే తోచిందనుకున్న పైడమ్మ అలాగే వింటూ నిలబడిపోయింది.

"ఒలికిన నీళ్లు ఎక్కువే," అంది కావలి చివరికి. "అవి ఇసుకలోకి పోలేదన్నమాట."

తడికల వెనక గొట్టం గురగురమంది, వేడినీళ్లు దూకాయి. శేషగిరి తువ్వాలు పట్టుకుని అటు పరుగెత్తాడు.

బండి ఇక రాదని కావలి అనలేదు. పైడమ్మ అడగనూ లేదు. తొట్టె కుళాయి దానంతటదే తెరుచుకుంది.

"ఆవిడకి ఇంకో గ్లాసు కావాలేమో అడగండి, పైడమ్మా," అంది కావలి. "పేరు తర్వాత చెప్పవచ్చు."

పైడమ్మ ఆ మాటల్ని నామాలోకి మార్చి చెప్పింది. ముసలామె తీరిగ్గా ఆ గ్లాసు కూడా తాగింది, మూతి తుడుచుకుంది. గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని, చిల్లుల పెట్టె దగ్గరికి వంగింది.

"క్రిస్టోఫీనా," అంది. "ఆ పొద మాది."