నాన్న చూసిన కోట

ఆ ఉదయం అమ్మ అందరికంటే ముందు లేచి, నిన్న ఇస్త్రీ చేసిన చీరనే మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. నర్సుగా పనిచేస్తున్న కూతురికి ఎట్టకేలకు సెలవు దొరికింది. కోట గోడల మధ్య ఉన్న ఆ పాత ఊరికి ప్రయాణం. ఉద్యోగమున్నన్నాళ్ళూ టూరిస్టు బస్సు నడిపిన నాన్న మాత్రం కాళ్ళ దగ్గరే ఉన్న చెప్పుల కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"అక్కడ ఎండ, తొక్కిసలాట. ఇంకోసారి వెళ్దాంలే" అన్నాడు.

"మీకేం, ఎన్నిసార్లో చూశారు! నేను పెళ్ళయినప్పటి నుంచీ చెవులతోనే చూస్తున్నాను" అంది అమ్మ.

నిజమే. ట్రిప్పు నుంచి వచ్చిన ప్రతిసారీ నాన్న అన్నం తింటూ ఆ ఊరి సంగతులు చెప్పేవాడు. అద్దాల మేడ, మెట్ల మీదుగా నీళ్ళు జారే తోట, చప్పట్లు కొడితే తిరిగి పలికే గది. కూతురు నోరు తెరుచుకుని వినేది. అమ్మ విననట్టు నటిస్తూ వినేది.

తీరా వెళ్తే కోట గుమ్మం దగ్గరే ఇసుక వేస్తే రాలనంత జనం. లోపల సందుల నిండా బొమ్మల కొట్లు, సెల్ఫీ కర్రలు, గైడ్ల కేకలు. నాన్న "ఇటు, ఇటు" అంటూ ముందు నడిచాడు. అద్దాల మేడ ఉంటుందన్న చోట మరుగుదొడ్ల ముందు పెద్ద క్యూ ఉంది. తోట అన్న చోట మొండి గోడ. తిరిగి తిరిగి మొదట చూసిన బొమ్మల కొట్టు ముందుకే వచ్చారు. అమ్మ మొహం చిన్నబోయింది.

కూతురు ఓ గైడ్‌ని ఆపి అడిగింది. అతను నవ్వేశాడు.

"అద్దాల మేడ ఇక్కడెక్కడిదమ్మా? అది వేరే కోటలోది. నీళ్ళ తోట ఇంకో ఊళ్ళో ఉంది. అన్నీ కలిపి ఎవరు చెప్పారు మీకు?"

"నాన్నా!" కూతురి గొంతు లేచింది. "అసలు నువ్వెప్పుడైనా లోపలికి వచ్చావా?"

నాన్న తల దించుకుని పక్కనున్న గట్టు మీద కూర్చున్నాడు.

"డ్రైవరు బండి వదలకూడదమ్మా. అందరి సామానూ దాన్లోనే ఉంటుంది. గుమ్మం బయట షెడ్డులో కూర్చునేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లవాళ్ళు చెప్పుకునేది చెవిన పడేది. ఎన్ని కోటలకు తిప్పానో! అన్నీ కలగాపులగం అయిపోయుంటాయి."

"మరి చూసినట్టు ఎందుకు చెప్పావు? అమ్మ ఇన్నేళ్ళు ఆశపడింది!"

"నువ్వు నిద్రపోకుండా నాకోసం కూర్చునేదానివి. 'ఏం చూశావు నాన్నా' అని అడిగేదానివి. షెడ్డు చూశాను, టైర్లు చూశాను అని ఎలా చెప్పను తల్లీ?"

కూతురికి ఆ రాత్రులు గుర్తొచ్చాయి. ఏం చూశావని అడిగిందే గానీ, ఎక్కడ పడుకున్నావని, ఏం తిన్నావని ఒక్కనాడూ అడగలేదు. కళ్ళు నిండిపోయాయి.

అమ్మ వచ్చి నాన్న పక్కన కూర్చుంది. కోపం వచ్చిందేమో అనుకున్నారిద్దరూ. కానీ ఆమె ఏడుస్తోంది.

"ఈయనేమో రాజులా కోటలు తిరుగుతున్నాడు, నేనేమో ఇంట్లో అంట్లు తోముతున్నానని ఎంత కుళ్ళుకున్నానో! షెడ్డులో కాపలా కూర్చున్నానని చెబితే మీ సొమ్మేం పోయేది?"

నాన్న అమ్మ వైపు తిరిగాడు.

"ఓసారి తోటి డ్రైవరు, బండి నేను చూస్తాలే, నువ్వెళ్ళి రా అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళాను. నువ్వు లేకుండా ఎందుకులే అనిపించి వెనక్కొచ్చేశాను."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని అనుమానంగా చూసింది.

"ఇదీ వెనక సీట్లో విన్నదేనా?"

"కాదు. ఇది మాత్రం నాదే."

కూతురు ఏడుస్తూనే నవ్వేసింది.

"అయితే లేవండి" అంది అమ్మ చెయ్యి అందిస్తూ. "ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఉన్నదేదో కలిసి చూద్దాం."

ఈసారి నాన్న దారి చూపించలేదు. ఆ జనంలో అమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె ఎటు లాగితే అటు నడిచాడు.