రెండువేల దారాలు

సింహాద్రి గడ్డం కింద రూపాయి బిళ్ళంత పట్టీ ఒకటి అంటించి, డాక్టర్ ఫర్హానా రెండడుగులు వెనక్కి వేసింది. "ఇప్పుడు పాడండి" అంది.

గోడకి ఆనుకుని నిలబడ్డ మృదులకి ఆ మాట వింతగా తోచింది. పాడమంటే ఆయన ఎలా పాడతాడు? పదకొండేళ్ళ కిందట జబ్బు చేసి, ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారు. ఏం చెప్పాలన్నా చేతిసంచీలోంచి పలక తీసి రాసి చూపిస్తాడు. అంతకుముందు ముప్పై ఏళ్ళు విజయనగరం నుంచి టెక్కలి దాకా పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టి, మైకు లేకుండా ఊరి చివరి అరుగు దాకా వినిపించిన మనిషి.

సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచింది. పెదాలు కదిలాయి. గదిలో ఫ్యాను తిరగడం తప్ప ఏ చప్పుడూ లేదు. కానీ మృదుల గడ్డం కింద కూడా అలాంటి పట్టీయే ఉంది. ఆమె దవడ ఎముకలో ఎక్కడో, కలలో ఎవరో పిలిచినట్టుగా, ఒక మగగొంతు రాగం తీయడం మొదలుపెట్టింది.

"వినిపిస్తోందా?" అని అడిగింది డాక్టరు.

మృదుల తల ఊపింది. 

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. మనం మనసులో పాడుకున్నా సరే, మెదడు మెడలోని కండరాలకి ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. ఖాళీ అయిపోయిన ఇంటికి కూడా పోస్ట్‌మ్యాన్ రోజూ ఉత్తరం తెచ్చి తలుపు సందులోంచి వేసి పోయినట్టు. ఫర్హానా కనిపెట్టిన మౌనపట్టీ ఆ ఉత్తరాలను విప్పి చదువుతుంది. సింహాద్రి పాత క్యాసెట్ల నుంచి నేర్చుకున్న గొంతుతో కంప్యూటర్ వాటిని పాటగా మారుస్తుంది. ఆ పాట ఎదుటివాళ్ళ పట్టీ గుండా ఎముకలోకి దిగుతుంది. పక్కన కూర్చున్నవాడికి పట్టీ లేకపోతే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా చేరదు. పాడేవాడికి తన మనసులో వినిపించేదే తప్ప బయటి పాట వినిపించదు.

మృదుల వైద్యం కోసం రాలేదు. కింది అంతస్తులో, సముద్రానికి ఎదురుగా ఉన్న హాల్లో గేమ్ జామ్ జరుగుతోంది. దాని సంగతి ఎరగనివాళ్ళకి ఒక్క మాట. ఏదో ఒక విషయం ఇచ్చి, నలభై ఎనిమిది గంటల్లో దాని మీద వీడియో గేమ్ తయారు చెయ్యమంటారు. వంట రానివాళ్ళు కూడా పెళ్ళి భోజనాలకి ఒప్పుకున్నంత ధైర్యంగా అందరూ దూకేస్తారు. ఈసారి ఇచ్చిన విషయం 'ఒకే ఒక్కటి'. మిగతా ముప్పైతొమ్మిది జట్లూ రాక్షసుల్నీ రాకెట్లనూ పోగేస్తుంటే, ఒంటరిగా వచ్చిన మృదుల మాత్రం ఉన్నవన్నీ తీసేస్తూ పోయింది. చివరికి నల్లటి తెర మీద ఒక తెల్లటి దారం మిగిలింది. వినడానికి ఒక గొంతు కావాలి. నొక్కడానికి ఒక బటన్ కావాలి. దాన్ని వెతుక్కుంటూ పైన ఫర్హానా గదికి వస్తే, గొంతు ఇప్పుడు దొరికింది.

ఆట ఇంతే. సింహాద్రి పద్యం వినిపిస్తుంది. ఆడేవాళ్ళు ఆయనతో పాటు మనసులోనే పాడాలి. స్వరం కలిసినంతసేపూ దారం వెన్నెల్లోలాగా మెరుస్తూ సాగుతుంది. మనసు పక్కదారి పడితే సన్నబడుతుంది. పద్యం, ఆ తరవాత రాగం, అంతా కలిపి మూడు నిమిషాలకి కాస్త తక్కువ.

సింహాద్రి అంతా విని, పలక మీద రాశాడు. 'విన్నోలు వన్స్ మోర్ అంటారేటమ్మా?'

పద్యనాటకం చూసినవాళ్ళకి ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. రాగం అద్భుతంగా వస్తే జనం కూర్చున్నచోటు నుంచే "వన్స్ మోర్!" అని కేకేస్తారు. నటుడు కథను అక్కడే ఆపి, దణ్ణం పెట్టి, మళ్ళీ అందుకుంటాడు. యుద్ధానికి బయల్దేరిన రాజైనా సరే ఆగాల్సిందే. కేక రాలేదంటే మాత్రం ఆ రాత్రికి ఆ వేషం దండగ. నటుడు కిరీటం తీసి చంకలో పెట్టుకుని తెర వెనక్కి పోతాడు. పదకొండేళ్ళుగా సింహాద్రి చెవులు ఆ కేక కోసమే కాచుకుని ఉన్నాయి. చనిపోయేలోగా ఒక్కసారి వింటే చాలునని ఆయన కోరిక.

"అనడమేంటి తాతగారూ, ఆ పేరుతో బటనే పెడతాను" అంది మృదుల హుషారుగా. నొక్కితే పద్యం మళ్ళీ మొదలయ్యే ఆ ఒక్క బటన్‌కీ 'వన్స్ మోర్' అని పేరు పెట్టింది. ఆయన అడిగింది బటన్ కాదని ఆమెకి అప్పుడు తోచలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, గడువు ఐదు గంటలుందనగా, చిక్కు బయటపడింది. హాల్లో ఎవరు గట్టిగా నవ్వినా, చప్పట్లు కొట్టినా, ఆఖరికి దగ్గినా పట్టీ బెదిరిపోతోంది. సముద్రం హోరునీ ఫ్యాను చప్పుడునీ పట్టించుకోదు. హఠాత్తుగా వచ్చే మోత మాత్రం దానికి పడదు. వెంటనే మూగబోతుంది. మళ్ళీ మెడను గుర్తుపట్టడానికి మూడు నిమిషాలు తీసుకుంటుంది.

మృదుల కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆట మొదటి తెర మీద రెండు వాక్యాలు చేర్చింది. 'చప్పుడైతే దారం తెగుతుంది. మూడు నిమిషాలు మౌనంగా ఉండండి.'

అది చూసి ఫర్హానా నొచ్చుకుంది. "అది నా పట్టీలో ఉన్న లోపం మృదులా. ఆటలో నియమం కాదు. నాకు నెల రోజులు టైమిస్తే సరిచేస్తాను."

"గేమ్ జామ్‌లో టైమ్ అయిపోయాక మిగిలిన లోపాలన్నీ నియమాలే మేడమ్."

ఆ నియమమే బహుమతి తెచ్చిపెట్టింది. మౌనాన్ని కూడా ఆటలో భాగం చేసిందని న్యాయనిర్ణేతలు తెగ మెచ్చుకున్నారు. నెల తిరిగాక ఫర్హానా సరిచేస్తానన్నా ఎవరూ ఒప్పుకోలేదు. ఆడేవాళ్ళకి ఆ మౌనమే కావాలట.

పట్టీ, దాంతో పాటు ఆట ఇంటింటికీ చేరి, ఆరు నెలల్లో విశాఖపట్నం మారిపోయింది. బీచ్ రోడ్డు మీద బస్సులు హారన్ మానేశాయి. కండక్టర్ వేళ్ళతోనే ఏ స్టాపని అడిగేవాడు. చేపలమ్మే ఆడవాళ్ళు కేకలు మాని, తట్ట మీద గుడ్డ తీసి చూపించి ఊరుకునేవాళ్ళు. సాయంత్రాలు ఇసుకలో వందలమంది కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త పైకెత్తి, నిద్రలో నడిచేవాళ్ళలా అటూ ఇటూ తిరుగుతూ లోపల్లోపల పాడుకునేవాళ్ళు. పైకి మాత్రం అలల చప్పుడే. ఊరంత ఊరూ ఒకే పద్యాన్ని కలగంటున్నట్టుండేది.

ఒకరోజు సింహాద్రి, మృదుల కలిసి బస్సెక్కారు. ముప్పైమంది దాకా ఉన్నారు. ఎవరి గడ్డం ఎంత ఎత్తులో ఉందో చూసి, వాళ్ళు రాగంలో ఎక్కడున్నారో ఆయన ఇట్టే చెప్పేయగలడు. ఆ కిటికీ పక్కనున్న అమ్మాయి రాగంలో పై మెట్టు, పైషడ్జం, అందుకుంటోంది. ఆ వెనకాయన ఇంకా పద్యం మొదటి పాదంలోనే ఉన్నాడు. అందరి లోపలా తనే ఉన్నాడు. ఒక్కరూ ఆయన వైపు చూడలేదు.

"ఇప్పటికి ఆరు కోట్లసార్లు వన్స్ మోర్ నొక్కారు తాతగారూ" అని మృదుల చెవిలో గుసగుసగా చెప్పింది.

ఆయన పలక తీశాడు. 'నొక్కితే నాకినబడదు కదమ్మా.'

ఆ మూడు ముక్కలూ మృదుల మళ్ళీ మళ్ళీ చదివింది. ఆరు నెలలుగా తను ఆయనకి గొప్ప ఉపకారం చేశాననుకుంటోంది. ఆయన కోరిన ఒక్క కేకనీ లోకంలో లేకుండా చేసింది తనే.

అందుకే ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి, రెండువేలమంది పట్టే ఆడిటోరియంలో, సింహాద్రి జనం ఎదుట నిలబడి పాడతాడు. అంతమంది మనుషులు ఆయన్ని కళ్ళారా చూస్తే, ఒక్కరైనా ఉండబట్టలేక అరవరా అని ఆమె ఆశ.

సింహాద్రి పాత రాజు వేషం కట్టుకుని వచ్చాడు. కిరీటం మీది అద్దాలు సగం ఊడిపోయాయి. మీసం మాత్రం కొత్తగా దిద్దుకున్నాడు. మృదుల, ఫర్హానా స్టేజి పక్కన కూర్చున్నారు. మృదుల ఒళ్ళో ఉన్న కంప్యూటర్ తెర మీద రెండువేల సన్నటి దారాలు వరసగా మెరుస్తున్నాయి.

ఆయన చెయ్యెత్తాడు. మృదుల ఎముకల్లోకి పద్యం దిగింది. ఎప్పుడూ వినేదే, కానీ ఈరోజు గొంతులో ఏదో కొత్త తడి ఉంది. రాగం మెట్లెక్కి, పైన నిలబడి, వెనక్కి తిరిగి చూసి, మెల్లగా దిగింది. హాల్లో అందరి చెంపలూ తడిశాయి. రెండువేల దారాల్లో ఒక్కటీ తెగలేదు. అంతకుముందు ఏ ఊళ్ళోనూ, ఎంతమంది ఆడినా, అలా జరగలేదు.

రాగం ముగిసింది. సింహాద్రి ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు.

ఎవరూ కదల్లేదు. అందరూ కళ్ళు మూసుకుని ఆఖరి స్వరం తోకను పట్టుకుని తేలుతున్నారు. చప్పుడు చేస్తే దారం తెగుతుంది. అంత అందమైన దారాన్ని ఎవరు తెంపుకుంటారు?

ఆయన చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగింది. ముందు వరస వైపు చూశాడు. వెనక వరసల వైపు చూశాడు. తరవాత కిరీటం తీసి చంకలో పెట్టుకుని, స్టేజి వెనక తెర వైపు నడవడం మొదలుపెట్టాడు.

మృదుల లేచి నిలబడింది. ఆమె దారమూ ఇంకా మెరుస్తూనే ఉంది. ఇంత తియ్యటి నిశ్శబ్దం మళ్ళీ దొరకదని తెలుసు. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"వన్స్ మోర్!"

కంప్యూటర్ తెర మీద రెండువేల దారాలూ ఒక్కసారిగా తెగి, అంతా నల్లబడింది. హాలంతా ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "ష్‌!" "ఎవరండీ అది?" "బుద్ధి లేదా?" అని తిట్లు మొదలయ్యాయి.

అవేవీ సింహాద్రి చెవికెక్కలేదు. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, ఆ కేక వచ్చిన వైపు దణ్ణం పెట్టాడు. కిరీటం తల మీద పెట్టుకుని, సరిచేసుకుని, పద్యం మళ్ళీ అందుకున్నాడు.

"మృదులా" అంది ఫర్హానా కంగారుగా. "అందరి పట్టీలూ మూగబోయాయి. మూడు నిమిషాల దాకా ఎవరికీ ఏమీ వినిపించదు. ఆయనకి చెప్పనా?"

"వద్దు మేడమ్. మీకు పుణ్యముంటుంది, వద్దు."

వినడానికి ఏమీ లేక, జనం మొదటిసారి ఆయన్ని చూశారు. చెమటకి మీసం రంగు కరిగి కారుతోంది. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. పైషడ్జం దగ్గర మునివేళ్ళ మీద లేచి, కళ్ళల్లో నీళ్ళతో నవ్వుతున్నాడు. శబ్దం లేని ఆ రాగం ఎటు పోతోందో ఆయన చేతి వెంట అందరి చూపులూ పోయాయి. తిట్లు ఆగిపోయాయి.

ఆయన ముగించి, చెయ్యెత్తి నిలబడ్డాడు.

ఇప్పుడు కాపాడుకోవడానికి ఎవరి దగ్గరా దారం లేదు. వెనక వరసలోంచి ఒక ముసలావిడ "వన్స్ మోర్!" అంది. ఆ పక్కనుంచి ఇంకొకరు. అంతే, రెండువేల గొంతులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. చప్పట్లకి పైకప్పు రేకులు అదిరాయి. ఆరు నెలలుగా మూసుకున్న నోళ్ళు, తాము వినని పాట కోసం అరుస్తూనే ఉన్నాయి.

చాలాసేపటికి సింహాద్రి స్టేజి పక్కకి వచ్చాడు. పలక తీసి రాసి, మృదులకి చూపించాడు.

'మొదటిసారి ఏటో తేడా కొట్టింది. రెండోసారి బాగా కుదిరింది, కదమ్మా?'

"అవును తాతగారూ" అంది మృదుల. "రెండోసారే బాగా కుదిరింది."