సజీవన్ అనే సభ్యుడు లేడు

"ఆ పేరుతో సభ్యులెవరూ లేరండీ," అంది కంప్యూటరు ముందు కొత్తగా చేరిన అమ్మాయి, తలైనా ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళప్పటి నుంచీ ఆ గ్రంథాలయంలో సభ్యుణ్ణి. పైగా సభ్యుల జాబితా, పుస్తకాల జాబితా నిరుడు టైపు చేసిందే నేను. ఒట్టప్పాలంలో నా అంత వేగంగా మలయాళం కొట్టేవాడు లేడని పేరు.

"సజీవన్ అని సరిగ్గా కొట్టారా?"

"మలయాళం మీ దగ్గర నేర్చుకోవాలా?" తెర నావైపు తిప్పింది. పేరులో తప్పు లేదు. కింద 'దొరకలేదు' అని ఉంది.

"అయితే నేను లేనట్టేనా?"

"ఉన్నారుగా, ఎదురుగా నిలబడి అరుస్తూ!" అని అప్పుడు తలెత్తింది.

ఆ చూపుకే నా కోపం సగం దిగిపోయింది. బయట వాన. సంచిలో గొడుగు పెట్టుకుని, గొడుగు లేదు, తగ్గేదాకా కూర్చుంటానన్నాను.

ఆమె పేరు సౌమిని. ఆ తర్వాత రోజూ అయిదింటికల్లా వేడివేడి పరిప్పువడల పొట్లంతో హాజరయ్యేవాణ్ణి. మూడో వారం ఒకరోజు ఆమె పొట్లం ముట్టుకోలేదు.

"బీరువాలో పుస్తకం ఉంటుంది, కంప్యూటరు లేదంటుంది. నాలుగొందలట. జాబితా నేనే చెరిపేశానంటున్నారు. ఆదివారం కమిటీ."

"సెక్రటరీ మీ నాన్నగారే కదా?"

"అందుకే నోరు విప్పడం లేదు. కూతుర్ని వెనకేసుకొచ్చాడంటారని."

దొరకని పేర్లు చూపించమన్నాను. అన్నింట్లోనూ ఎక్కడో ఒకచోట చిల్లక్షరం, అంటే పొల్లు హల్లుకు మలయాళంలో ఉండే విడి అక్షరం, ఉంది, నా పేరు చివర ఉన్నట్టే. తప్పెవరిదో అప్పుడర్థమైంది. పాత పద్ధతిలో ఆ ఒక్క అక్షరాన్ని మూడు కోడ్‌లుగా కొడతాను. ఆమె కొత్త కీబోర్డు దానికి ఒకే కోడ్ ఇస్తుంది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు మాత్రం వేరువేరు. పద్ధతి మార్చుకోమని నేను పనిచేసే టైపు షాపు ఓనరు ఎన్నిసార్లు చెప్పాడో! వేళ్ళకు అలవాటైపోయిందని మొండికేశాను.

గుట్టుగా సరిచేసేయొచ్చు. కానీ చెరిపిందీ సౌమినే, మళ్ళీ ఎక్కించిందీ సౌమినే అంటారు.

ఆదివారం కమిటీ ముందు లేచి నిలబడ్డాను. "తప్పు నాది. ఆమె ఒక్క పేరూ చెరపలేదు."

పాత కోడ్‌లన్నీ అందరి ముందే ఒక్కసారిగా మార్చాను. సౌమిని ఒక్కో పేరే కొట్టింది. పుస్తకాలన్నీ దొరికాయి. "పెద్ద టైపిస్టువి దొరికావు!" అని వెనక ఎవరో నవ్వారు.

ఆమె తండ్రి కుమారన్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ పేరు చెడుతుంది కదయ్యా, ఆలోచించావా?"

"చెడనివ్వండి మాస్టారూ. ఆమె మీద మాట పడితే నేను తట్టుకోలేను." అనేశాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. సౌమిని రిజిస్టరులోకి తల దించేసుకుంది.

అందరూ వెళ్ళాక నాకు కొత్త కార్డు రాసింది. 'పరిచయం చేసినవారు' అన్న చోట తనే సంతకం పెట్టింది.

మాస్టారు అది చూశారు. "పుస్తకాలకైతే ఈ సంతకం చాలు. మా ఇంటికి రావాలంటే మాత్రం మీ అమ్మగారిని వెంటబెట్టుకు రావాలి. వచ్చే ఆదివారం."

కార్డు అందిస్తూ సౌమిని మెల్లగా అంది:

"ఈసారి గొడుగు దాచకుండా చేత్తోనే పట్టుకు రండి. మొదటి రోజు సంచిలోంచి పిడి కనిపిస్తూనే ఉంది."